2040లో గాలి ఎలా ఉండాలి: నా ఎంటెక్ ప్రాజెక్టు అనుభవం

ఎంటెక్ రెండో ఏడాది ప్రాజెక్టుకి అందరూ కాలుష్యాన్ని కొలిచే టాపిక్‌లే తీసుకుంటున్నారు. మా గైడ్ సర్ నాకు వేరే పని చెప్పారు. దేశం మొత్తానికీ పీఎం 2.5 (గాలిలో 2.5 మైక్రాన్లకి మించని సన్నటి కణాలు) పరిమితిని 2040కి కొత్తగా పెట్టాలనుకుంటే ఏ అంకె పెట్టాలి, దాన్ని ఏ లెక్కతో సమర్థించాలి అన్నది తేల్చమన్నారు.

మన దేశంలో ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు. 2009లో పెట్టింది, ఇప్పటికీ అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 అంది. అంత దూరం ఒకేసారి పోలేని దేశాలకి 35, 25, 15, 10 అని మధ్యలో మెట్లు పెట్టింది. మన 40 ఇంకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదన్నమాట. ఇంగ్లండ్ 2023లో చట్టబద్ధంగా రెండు లక్ష్యాలు పెట్టుకుంది. 2040 నాటికి ఎక్కడ కొలిచినా 10 దాటకూడదనేది ఒకటి. 2018తో పోలిస్తే జనం పీల్చే సగటు 35 శాతం తగ్గాలనేది రెండోది. ఒకటి చాలదా, రెండెందుకు అని మొదట్లో నాకు అర్థం కాలేదు.

మాది మహారాష్ట్రలోని బల్లార్షా. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు మా వాడలో చాలా ఉన్నాయి. పక్కనే చంద్రపూర్‌లో 2,920 మెగావాట్ల థర్మల్ ప్లాంటు, చుట్టూ ఓపెన్ కాస్ట్ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన కాలుష్య సూచీలో చంద్రపూర్‌కి 83.88 వచ్చి దేశంలో నాలుగో స్థానంలో నిలిచింది. అందుకే ఉదాహరణ జిల్లాగా దీన్నే తీసుకున్నాను.

2040 అంకె తేల్చాలంటే సినారియోలు కట్టాలి. సినారియో అంటే జోస్యం కాదు. ఏ పనులు చేస్తే ఏ ఏడాదికి గాలి ఎంత మారుతుందో చెప్పే లెక్క. దానికి ముందు బేస్ ఇయర్, అంటే పోలికకి మొదలుగా పెట్టుకునే ఏడాది కావాలి. 2020 లాక్‌డౌన్ ఏడాది, పనికిరాదు. 2019 తీసుకున్నాను. ప్లాంట్ల ఉత్పత్తి లెక్కలు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నివేదికల్లో నెలనెలా దొరికాయి. లారీల లెక్క కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ చివరికి పాత ప్రింటవుట్లతో సరిపెట్టుకున్నాను. గాలి కొలిచే స్టేషన్ల డేటాలో వారాల తరబడి ఖాళీలు. కొన్నిచోట్ల రోజంతా ఒకే అంకె. వాటిని తీసేయడానికే బోలెడు సమయం పట్టింది.

అన్నిటికంటే తల తిన్నది వంటచెరకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ‘వంటకి ప్రధానంగా ఏ ఇంధనం’ అని అడుగుతుంది. గ్యాస్ అన్నవాళ్లందరూ ఆ లెక్కలో శుభ్రమే. మా ఇంట్లోనూ గ్యాసే. కానీ చలికాలం పొద్దున్నే వాకిట్లో నీళ్ల పొయ్యి వెలుగుతుంది. అమ్మని అడిగితే, "స్నానం నీళ్లు కూడా గ్యాస్ మీద పెడితే సిలిండర్ ఎన్నొద్దులు వస్తది బిడ్డా?" అంది. సర్వేలో కనపడని ఆ పొగ గాలిలో మాత్రం ఉంటుంది, అదీ గాలి కదలని చలిపొద్దుల్లో. అందుకే సిలిండర్ రీఫిల్ లెక్కలు పట్టుకుని, ఏడాదికి ఎంత గ్యాస్ వాడారో దాన్నిబట్టి కట్టెల వాటా మళ్లీ వేశాను. ఇళ్ల పొయ్యిల పొగ పూర్తిగా ఆగితే చాలు, దేశ సగటు 40 కిందికి వస్తుందని 2019లో ఒక అధ్యయనం వచ్చింది. నమ్మశక్యంగా లేదనుకున్నాను. లెక్క వేశాక నమ్మక తప్పలేదు.

రెండో చిక్కు సరిహద్దు. చిమ్నీలోని బూడిదని చాలావరకు ఈఎస్‌పీలు (కరెంటుతో బూడిదని లాగి పట్టే పరికరాలు) పట్టేస్తాయి. సల్ఫర్ డయాక్సైడ్ వాయువు కాబట్టి వాటికి చిక్కదు. అది దారిలో ఎరువుల నుంచి, పేడ నుంచి లేచే అమ్మోనియాతో కలిసి సన్నటి కణాలుగా మారుతుంది. దానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఆలోపు గాలి దాన్ని వందల కిలోమీటర్లు మోసుకుపోతుంది. మా ప్లాంటు పొగ ఆదిలాబాద్ వైపు పోతుంది. తెలంగాణలోని రామగుండం, మంచిర్యాల దగ్గరి జైపూర్ ప్లాంట్లది ఇటు వస్తుంది. మహారాష్ట్ర ఉద్గారాల పట్టికలు ప్రాణహిత ఒడ్డున ఆగిపోతాయి. నేను మ్యాప్‌ని గళ్లుగా విడగొట్టి లెక్క వేశాను. ఒడ్డునే ఉన్న గడ్చిరోలి జిల్లా సిరోంచ గడికి అంకె రావాలంటే తెలంగాణ పట్టికలు కూడా కలపాల్సిందే. పరిమితి రాష్ట్రానికి కాక దేశానికి పెట్టాలని ఎందుకంటారో అక్కడ నాకు బోధపడింది.

థీసిస్ సగం రాశాక ఇంకో దెబ్బ. థర్మల్ ప్లాంట్లకి సల్ఫర్ పరిమితులు 2015 డిసెంబరులోనే వచ్చాయి. వాటిని బట్టి, అన్ని ప్లాంట్లకీ ఎఫ్‌జీడీ (పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ని తీసేసే యంత్రం) వస్తుందని నా ‘అమల్లో ఉన్న విధానాలు’ సినారియోలో వేసుకున్నాను. 2025 జులైలో కేంద్రం చాలా ప్లాంట్లకి దాన్నుంచి మినహాయింపు ఇచ్చింది. చంద్రపూర్ లాంటి చోట్ల కేసు కేసుగా చూస్తామంది. మొత్తం టెన్షన్. చివరికి చంద్రపూర్ లెక్కని ఎఫ్‌జీడీ ఉన్నట్టు, లేనట్టు రెండు రకాలుగానూ నడిపాను.

ఇంగ్లండ్‌కి రెండు లక్ష్యాలు ఎందుకో అప్పుడు తెలిసింది. స్టేషన్ దగ్గరి అంకె ఒక్కటే లక్ష్యం అయితే, నా లెక్కల మోడల్ డబ్బంతా స్టేషన్ చుట్టూ ఉన్న రోడ్లకీ, బొగ్గు సైడింగ్‌లకీ (బొగ్గు ఎక్కించే, దించే రైలు పట్టాల చోట్లు) పెట్టమంది. జనం పీల్చే సగటు తగ్గాలని అడగ్గానే జాబితా తిరగబడింది. పొయ్యిలు పైకొచ్చాయి, వెనకే ఎఫ్‌జీడీ వచ్చింది, రోడ్డు మీద నీళ్లు చల్లడం కిందికి పోయింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల పనితీరుని పీఎం 10తో, అంటే పెద్ద దుమ్ము కణాలు కూడా కలిసే కొలతతో కొలిచింది. ఖర్చయిన నిధుల్లో దాదాపు 64 శాతం దుమ్ము అణచడానికే పోయిందని 2024లో సీఎస్‌ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) తేల్చింది. నాకైతే ఆశ్చర్యం అనిపించలేదు. కొలత అదైతే పనీ అదే అవుతుంది.

వైవాలో బయటి ఎగ్జామినర్ సూటిగా అడిగారు: "నువ్వు 2040కి 25 అన్నావు. 5 ఎందుకు అనలేదు?" మనిషి చేసే ఉద్గారాలన్నీ సున్నా చేసినా ఎడారి దుమ్ము, సముద్రపు ఉప్పు, అడవి మంటల వాటా మిగులుతుందని చూపించాను. ఆయన అడవి మంటల దగ్గర ఆగారు. "గడ్చిరోలిలో ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు కాలుస్తారు కదా. అది అడవి ఖాతానా, మనిషి ఖాతానా?"

మనిషి ఖాతాలో వేయాలన్నాను, వల పరిచి పూలు పట్టుకుంటే ఆకులు కాల్చే పనే ఉండదు కాబట్టి. ఆయన ఒప్పుకోలేదు. 2040కి ఊరూరా వలలు వస్తాయని ఏ ఆధారంతో అంటున్నావన్నారు. వాదన కాసేపు నడిచాక, రెండు రకాలుగానూ వేసి పట్టిక చేర్చమన్నారు. చేర్చాను. ఏడాది సగటులో తేడా చిన్నదే, కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో గడ్చిరోలి గళ్లలో కొట్టొచ్చినట్టు కనిపించింది. దాన్ని చూశాకే సంతకం పెట్టారు.