అక్క ఇచ్చిన మూలకణాలు

నాది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. సీఎంఎల్ అంటారు, ఒక రకం రక్త క్యాన్సర్. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడం వల్ల వచ్చే జబ్బు. 2001లో ఇమాటినిబ్ అనే మందు వచ్చాక ఎంతోమంది రోజూ మాత్ర వేసుకుని మామూలుగా బతుకుతున్నారు. నేనూ కొన్నేళ్లు అలాగే ఉన్నాను. ఆ తర్వాత టీ315ఐ అనే మ్యుటేషన్, అంటే జబ్బు కణాల జన్యువులో మార్పు, బయటపడింది. దాని మీద ఇమాటినిబే కాదు, అదే కోవకు చెందిన డాసాటినిబ్, నీలోటినిబ్ కూడా పనిచేయవు. జ్వరాలు, ఎముకల నొప్పులు మొదలయ్యేసరికి జబ్బు ముదిరి బ్లాస్ట్ క్రైసిస్ అనే చివరి దశలోకి వెళ్లిపోయింది. ముందు ఆ మ్యుటేషన్ మీద కూడా పనిచేసే పొనాటినిబ్, కీమో ఇచ్చి జబ్బును అదుపులోకి తేవాలి, ఆ వెంటనే మూలకణాల (ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేసే కణాల) మార్పిడి చేయాలి అన్నారు డాక్టరుగారు.

తోబుట్టువుల్లో ఒక్కొక్కరితో హెచ్‌ఎల్‌ఏ, అంటే కణాల మీది గుర్తులు, పూర్తిగా కలిసే అవకాశం నాలుగో వంతే. మా అక్కది కలిసింది. సంతోషించేలోపే ఇంట్లో టెన్షన్. వెన్నెముకలోంచి తీస్తారట, నడుము పడిపోతుందట అని అక్క అత్తగారు బెంగపెట్టుకున్నారు. ఆవిడను తప్పుపట్టలేను, మా అమ్మకీ అదే భయం. "అత్తయ్యా, మీరూ రండి, డాక్టరుగారినే అడుగుదాం" అంది అక్క.

వెన్నుపాముకీ దీనికీ సంబంధమే లేదు. కొన్ని రోజులు జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే మజ్జలోని మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఒక చేతి నుంచి రక్తం తీసి, మెషీన్‌లో ఆ కణాలను వేరుచేసి, మిగతా రక్తాన్ని రెండో చేతికి ఎక్కించేస్తారు. అక్కకి ఒళ్లునొప్పులు వచ్చాయి, పారాసెటమాల్‌తో తగ్గాయి. అంతే. ఈ సంగతి తెలియక దాతలు వెనక్కి తగ్గుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కష్టమంతా నాది. బుసల్ఫాన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు నా పాత మజ్జను తుడిచిపెట్టాయి. నోరంతా పుండ్లు, లాలాజలం మింగినా మంట. అక్క కణాలు మాత్రం రక్తం ఎక్కించినట్టే పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టం, అదే సెంట్రల్ లైన్‌లోంచి నిశ్శబ్దంగా ఎక్కాయి. ఇక రోజూ కౌంట్ కోసం ఎదురుచూపే. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు 500 దాటి వరసగా మూడు రోజులు నిలబడితే కొత్త కణాలు కుదురుకున్నట్టు. నిలబడ్డ రోజు అమ్మ గాజు తలుపు బయట నిలబడి ఏడ్చేసింది.

ఇంటికొచ్చాక జీవీహెచ్‌డీ వచ్చింది. అంటే దాత కణాలు నా ఒంటి మీదే దాడి చేయడం. అక్క కణాలకు నా ఒళ్లు పరాయిది కదా! చర్మం ఎర్రగా పొక్కింది, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ దాడిని అణిచే సైక్లోస్పోరిన్‌కి తోడు స్టెరాయిడ్లు వాడితే నెమ్మదిగా సర్దుకుంది. బీ పాజిటివ్‌గా ఉన్న నా బ్లడ్ గ్రూపు ఇప్పుడు అక్కదే, ఓ పాజిటివ్. చిన్నప్పటి టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయించుకుంటున్నాను. మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష ఉంటుంది, ఆ రెండు క్రోమోజోముల అతుకుతో పుట్టిన జన్యువు ఇంకా ఉందా అని చూసేది. పోయినసారి రిపోర్టులో జబ్బు జాడ లేదు, మళ్లీ సంక్రాంతి తర్వాత వెళ్లాలి.