శంకర్‌పల్లి లియర్

శనివారం. పొద్దున్నే చిక్కడపల్లిలో రిహార్సల్. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్'ని మన స్టేజీకి తెస్తున్నాం. మా లియర్ హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి రైతు. భూముల రేట్లు పెరిగాక ఉన్నదంతా ముగ్గురు కూతుళ్లకు పంచేద్దామనుకుంటాడు. జపాన్ దర్శకుడు కురోసవా 1985లో ఈ కథతోనే 'రాన్' సినిమా తీసినప్పుడు కూతుళ్లను కొడుకులుగా మార్చాడు. మనకా అవసరం లేదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతోనే ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన వాటా వచ్చింది.

మొదటి సీనే చాలా ఇబ్బంది పెట్టింది. "నా మీద ఎవరికి ఎక్కువ ప్రేమ?" అని మన తండ్రులు నలుగురిలో అడగరు. "ముసలితనంల నన్నెవరు చూసుకుంటరు?" అని అడుగుతారు. అలా మార్చగానే సీను నిలబడింది. పెద్దవాళ్లిద్దరూ పోటీపడి మాటలు చెప్తారు. చిన్నది మాత్రం "బిడ్డగ ఎంత చూసుకోవాల్నో అంత చూసుకుంట నాయినా" అంటుంది. అంతే, ముసలాయనకు కోపం.

నాకు ప్రాణమైన సీను తర్వాతిది. అసలు నాటకంలో లియర్ వంద మంది పరివారాన్ని కూతుళ్లు యాభైకి, పాతికకు, పదికి, ఐదుకు తగ్గించి, చివరికి ఒక్కడు మాత్రం ఎందుకంటారు. మన రైతు పరివారం ఊరివాళ్లే. పెద్దకూతురు నార్సింగిలో గేటెడ్ కమ్యూనిటీలో ఉంటుంది. గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ ఫోన్: "మేడం, ఊరి నుంచి నలుగురొచ్చారు, పంపాలా?" మొదట్లో పంపమంటుంది. తర్వాత ఇద్దరు చాలంటుంది. ఆ తర్వాత ఆదివారమే రమ్మంటుంది. చివరికి మాట కూడా లేదు, యాప్‌లో రిజెక్ట్ నొక్కేస్తుంది. ఇవాళ లియర్ వేసే పెద్దాయన ఫోన్ మోగగానే, ఎవరూ చెప్పకుండానే, కండువా సర్దుకుని లేచాడు. కూతురి ముఖం చూసి మళ్లీ కూర్చున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది.

మా బృందంలో లా చదివే అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. 2007 వృద్ధుల చట్టం ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు కదా, మరి కూతుళ్లు కాదన్నాక మన లియర్ వానలో ఎందుకు తిరగాలి? చాలాసేపు వాదించుకున్నాం. చివరికి నేనొకటి చెప్పాను. పాత నేస్తం అర్జీ రాయించి తెస్తాడు. ఈయన సంతకం పెట్టడు. "బిడ్డల మీద కేసేసినోడని ఊళ్లె అనిపించుకోవాల్నా?" ఆ పరువే ఆయన్ని వానలోకి తోస్తుంది. షేక్‌స్పియర్ లియర్‌కు వెళ్లడానికి ఆఫీసు లేదు, మనవాడు ఉన్నా పోడు. ఇది దొరికాకే నాటకం మనదైంది అనిపించింది.

భోజనాల దగ్గర ఇంకో గొడవ. వానలో తండ్రిని వెతుక్కుంటూ వచ్చే చిన్నకూతుర్ని బతికించమంటున్నారు. ఇంగ్లండులోనే 1681లో నేహమ్ టేట్ అనే కవి, షేక్‌స్పియర్ చంపేసిన ఆ పిల్లను బతికించి, పెళ్లి చేసి, లియర్‌కు రాజ్యం తిరిగి ఇప్పించాడు. ఆ రూపమే సుమారు నూట యాభై ఏళ్లు ఆడింది. అయినా నేను ఒప్పుకోలేదు. పరువు పట్టుకుని కూర్చుని ఆయన ఏం పోగొట్టుకున్నాడో జనం చూడాలి. వచ్చే వారం ఆ సీను చదివాక మళ్లీ మాట్లాడదామన్నాను.