మా పాత వ్యాన్, హీటెక్కిన మూడు నెలలు

మా వ్యాన్‌లో ఇంజిన్ డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. అందుకని బండి హీటెక్కితే మీటర్ కన్నా ముందు నా తొడలకు తెలుస్తుంది. ఆ రోజు ఆరుగురిని, వాళ్ల సామాన్లను ఎక్కించుకుని ఘాట్ ఎక్కుతున్నాను. సీటు ఇంతలా కాలుతోందేమిటా అని మీటర్ చూస్తే ముల్లు ఎర్ర గీతకు ఆనుకుని ఉంది.

ఏసీ ఆపేసి హీటర్ ఫుల్లుగా తిప్పాను. వెనక సీట్లోంచి ఒకటే గోల, "ఈ ఎండలో హీటరేంటి?" అని. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడిని కొంత అది లాగేస్తుంది. ఆ మాట చెమటలు కారుతున్న వాళ్లకు చెప్పినా ఎక్కదు కాబట్టి ఊరుకున్నాను. ముల్లు రెండు గీతలు దిగింది. బండి పక్కకు తీసే చోటు దొరికేదాకా నాకు అంతే కావాలి.

ఆ తర్వాత మూడు నెలల్లో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) మార్చాను, రేడియేటర్ క్యాప్ మార్చాను, వాటర్ పంప్ కూడా మార్చాను. మూడూ కొత్తవే, బండి మాత్రం అదే ఘాట్ మీద అదే మలుపు దగ్గర హీటెక్కేది.

నిజానికి వాటర్ పంప్ మార్చాల్సిన అవసరమే లేదు. పంప్ సీలు పోతే దాని కింద ఉండే చిన్న చిల్లులోంచి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లార్చే ద్రవం, నేను నీళ్లు అనేది దాన్నే) చెమ్మగా కారి, ఆరాక తెల్లటి చార కడుతుంది. మా పాత పంప్‌కు ఆ చిల్లు పొడిగానే ఉంది. లోపల రెక్కలు తుప్పు పట్టి అరిగిపోతే బయటికి తెలియదు కదా, చూద్దామని విప్పితే అవీ నిక్షేపంగా ఉన్నాయి. విప్పాం కదా అని కొత్తది వేశాను.

థర్మోస్టాట్ సంగతి ఇంకా నవ్వులాట. "అది పీకేస్తే సరిపోద్ది సార్, నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి" అన్నాడు మెకానిక్. ఈ సలహా చాలామంది ఇస్తారు, నాకు నచ్చదు. థర్మోస్టాట్ లేకపోతే చల్లటి వాతావరణంలో ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోల్ తాగేస్తుంది. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు అదే బైపాస్ దారిని (రేడియేటర్‌కు వెళ్లకుండా నీళ్లు తిరిగే అడ్డదారిని) మూసేస్తుంది. దాన్ని పీకేస్తే వేడి నీళ్లు కొంత రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్తాయి. తగ్గాల్సిన వేడి పెరుగుతుంది.

పాతదాన్ని గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి పరీక్షించాను. దారం కట్టి అడుగుకు తగలకుండా వేలాడదీశాను, పక్కనే థర్మామీటర్. దాని మీద 82 అని ముద్ర ఉంది. నీళ్లు 83 దగ్గరికి రాగానే లోపలి మైనం కరిగి ఉబ్బి, వాల్వు మెల్లగా పైకి లేచింది. 95 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంది. అంటే నేను తీసి పారేయబోయింది కూడా బాగానే ఉంది! ఈ పరీక్ష కొత్తది కొనకముందు చేయాల్సింది.

అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. సామాన్లు మార్చడం ఆపి నోట్‌బుక్ తీశాను. బండి ఎప్పుడు హీటెక్కుతోంది? ట్రాఫిక్‌లో 20 నిమిషాలు నిలబెట్టినా ముల్లు సగం దగ్గరే ఉంది. చదును రోడ్డు మీద 60లో వెళ్తే సగమే. 80 దాటితే మెల్లగా లేస్తోంది. ఎత్తు ఎక్కితే గబగబా లేస్తోంది. యాక్సిలరేటర్ వదిలితే దిగుతోంది.

ఈ నాలుగు లైన్లు మొదటి రోజే రాసుకుని ఉంటే సగం ఖర్చు తప్పేది. నిలబెట్టినప్పుడు హీటెక్కితే అనుమానం గాలి మీద. ఫ్యాన్ తిరగకపోవడం, దాని రిలే, ఫ్యూజ్, స్విచ్, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు ఊడిపోవడం లాంటివి చూడాలి. స్పీడులో వెళ్తున్నప్పుడు గాలి దానంతటదే కొడుతుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని లేదు. అప్పుడు హీటెక్కుతోందంటే గాలి ఆడనంతగా రేడియేటర్ ముందు మట్టి పేరుకునైనా ఉండాలి, లోపల నీళ్లైనా తిరగకుండా ఉండాలి. ఏసీ కండెన్సర్‌కూ (ఏసీకి రేడియేటర్ లాంటిది) రేడియేటర్‌కూ మధ్య పురుగులు, దుమ్ము దిట్టంగా ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడిగాను. ముల్లులో మార్పు లేదు. ఇక మిగిలింది నీళ్ల సంగతే.

ఈ మధ్యలో హెడ్ గ్యాస్కెట్ టెన్షన్ ఒకటి. ఇంజిన్‌లో మండే గ్యాసు, ఆయిల్, నీళ్లు ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపే సీలు అది. ఇంజిన్ ఆయిల్ మీగడలా తెల్లబడలేదు, సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే రేడియేటర్ పై పైపు గట్టిపడిపోవడం కూడా లేదు. అయినా నిద్ర పట్టక బ్లాక్ టెస్టర్ తెప్పించాను. రేడియేటర్ మూతి మీద గాజు గొట్టం పెట్టి, రబ్బరు బుడ్డి నొక్కితే లోపలి గాలి నీలం ద్రవంలోంచి బుడగలుగా వస్తుంది. అందులో ఇంజిన్ పొగ కలిసి ఉంటే నీలం కాస్తా పసుపు అవుతుంది. నాది నీలంగానే ఉంది. నమ్మకం కుదరక మరో ఐదు నిమిషాలు నొక్కాను. నీలమే.

అసలు దొంగ ఒక ఆదివారం దొరికాడు. బండి బాగా వేడెక్కాక మా మేనల్లుణ్ణి సీట్లో కూర్చోబెట్టి "నేను చెప్పినప్పుడు రేజ్ చెయ్, చెయ్యెత్తితే వదిలెయ్" అన్నాను. నేను టార్చి పట్టుకుని కింద పడుకున్నాను. రేడియేటర్ అడుగు నుంచి పంప్‌కు నీళ్లు వెళ్లే కింది పైపు నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఐడిలింగ్‌లో గుండ్రంగా, మామూలుగా ఉంది. వాడు రేజ్ చేశాడు. పైపు నడుము మెల్లగా నొక్కుకుపోవడం మొదలైంది. ఇంకాస్త రేజ్ చేసేసరికి రెండు గోడలూ అతుక్కుని రిబ్బన్‌లా పలచబడింది. చెయ్యెత్తాను. యాక్సిలరేటర్ వదలగానే 'టప్' మంటూ మళ్లీ గుండ్రం.

"ఏమైంది మామయ్యా?"

"దొరికిందిరా."

అది పంప్ నీళ్లను పీల్చుకునే వైపు. పంప్ గట్టిగా పీలిస్తే పైపు ముడుచుకోకుండా లోపల ఒక స్ప్రింగ్ ఉంటుంది. పైపు ఊడదీసి తలకిందులు చేస్తే స్ప్రింగ్‌కు బదులు ఎర్రటి తుప్పు ముక్కలు రాలాయి. కూలెంట్‌ను బేసిన్‌లో పట్టి వెంటనే మూత పెట్టాను. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే ప్రాణం మీదికి వస్తుంది. వీధికుక్క ఒకటి అప్పటికే వచ్చి నిలబడింది.

ఒక తేడా చెప్పాలి. ఇంజిన్ ఆపి చల్లారాక పైపు నొక్కుకుపోయి కనిపిస్తే, అనుమానం క్యాప్‌లో ఉండే చిన్న వాక్యూమ్ వాల్వు మీద. రేజ్ చేసినప్పుడు నొక్కుకుపోతే పైపు మెత్తబడిందనో, రేడియేటర్ నుంచి నీళ్లు తగినంత రావడం లేదనో అర్థం. నాకు రెండోది, అదీ రెండు రకాలుగానూ.

ఎందుకంటే కొత్త పైపు వేశాక ఘాట్ మీద ముల్లు ఎర్ర గీత దాకా పోలేదు గానీ, మూడొంతుల దాకా లేచింది. దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో రేడియేటర్ మొహమంతా కొలిచాను. (మెరిసే అల్యూమినియం మీద ఈ గన్ అబద్ధం చెబుతుంది. నల్ల రంగున్న చోట కొలవాలి.) పై ట్యాంక్ దగ్గర 91. మాది పై నుంచి కిందికి నిలువు గొట్టాలుండే రకం. కుడివైపు కిందికి వచ్చే కొద్దీ వేడి క్రమంగా తగ్గుతోంది. ఎడమవైపు మూడో వంతు మాత్రం పై నుంచి కొంచెం దిగగానే 40లలోకి పడిపోయింది. అంటే ఆ గొట్టాల్లోకి నీళ్లు పోవడమే లేదు. రేడియేటర్ విప్పి ట్యాంక్ ఊడదీస్తే గొట్టాల నోళ్లలో గోధుమరంగు మడ్డి బిగుసుకుపోయి ఉంది.

ఇందులో ఎవర్నీ అనడానికి లేదు. ఏళ్ల తరబడి కూలెంట్ తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోసింది నేనే. ఒకసారి చిన్న లీకుకు లీక్ ఆగే పొడి వేసిందీ నేనే. ఆ పొడికి లీకేదో, రేడియేటర్ గొట్టమేదో తెలియదు.

రేడియేటర్‌కు కొత్త కోర్ (గొట్టాలుండే భాగం) వేయించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోశాను. మొదటి రోజు ముల్లు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా పడింది. గుండె జారింది. చూస్తే లోపల గాలి ఇరుక్కుంది. ఇలాంటి వ్యాన్లలో రేడియేటర్ ముందు, ఇంజిన్ సీటు కింద, మధ్యలో పొడుగు పైపులు. గాలి ఇరుక్కోవడానికి చోట్లు బోలెడు. ముందు భాగం జాకీతో ఎత్తి, హీటర్ తెరిచి, గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా పోస్తూ ఉంటే మరో లీటరున్నర పట్టింది. ముల్లు హఠాత్తుగా పడిపోవడాన్ని మంచి శకునం అనుకోకండి. నీళ్లు లేక సెన్సార్ గాల్లో తేలుతున్నా అది అలాగే పడుతుంది. ఇంజిన్ అప్పుడే కాలిపోతుంది.

వేడిగా ఉన్నప్పుడు క్యాప్ జోలికి మాత్రం పోకండి. మా క్యాప్ మీద 0.9 అని ఉంటుంది, అంటే 0.9 బార్ ఒత్తిడి. అంత ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. క్యాప్ తిప్పగానే ఒత్తిడి పోయి, ఆ నీళ్లన్నీ ఒక్కసారి మరిగి మీదికి ఎగజిమ్ముతాయి. పై పైపును చేత్తో నొక్కి చూసి, అది మెత్తగా, చల్లగా ఉంటేనే నేను క్యాప్ ముట్టుకుంటాను.

పోయిన వారం అదే ఘాట్, మళ్లీ ఆరుగురు, ఏసీ ఆన్. ముల్లు సగానికి ఒక వెంట్రుక పైన నిలబడింది. నాకైతే ఇప్పటికీ ఆ మలుపు రాగానే చెయ్యి హీటర్ నాబ్ మీదికి పోతోంది. హీటర్ పైపు క్లిప్పు దగ్గర కొంచెం చెమ్మ కనిపిస్తోంది. వచ్చే ఆదివారం దాన్ని చూడాలి.