డిగ్రీ లేకపోతే రియల్ ఎస్టేట్‌లో పెట్టుబడి పెట్టలేమా?

ఆస్తి కొనేటప్పుడు మార్కుల లిస్టు ఎవరూ అడగరు. లోన్ ఇచ్చేవాళ్లు చూసేది ఆదాయం, పాత అప్పులు కట్టిన తీరు, చేతిలో ఉన్న డౌన్ పేమెంట్. డిగ్రీ పనికొచ్చేదీ ఇక్కడే: దానివల్ల వచ్చిన నెలజీతంతో మొదటి లోన్ తేలిగ్గా పాసవుతుంది. పెట్టుబడి సంస్థలో ఉద్యోగం కావాలంటే మాత్రం డిగ్రీ దాదాపు తప్పదు.

సొంతంగా కొనేవాళ్లను ముంచేది లెక్కే. నెలకు 100 అద్దె వచ్చే ఇల్లు 10,000కి దొరికిందనుకోండి. ఏడాదికి 1,200, అంటే 12 శాతం అని సంబరపడతారు. ఒక్క నెల ఖాళీగా ఉంటే 100 పోయినట్టే. పన్ను, ఇన్సూరెన్స్, రిపేర్లు, నిర్వహణ కలిపి 360. మిగిలేది 740, అంటే 7.4 శాతం. లోన్ వాయిదాలు ఏడాదికి 650 అయితే, 740ని 650తో భాగించండి: 1.14 వస్తుంది, అంటే మిగిలే అద్దె వాయిదాలకు 1.14 రెట్లు. అద్దె చూసి అప్పిచ్చేవాళ్లు మామూలుగా 1.2, 1.25 అడుగుతారు. ఎందుకంటే 1.14 దగ్గర వాయిదాలు పోను ఏడాదికి చేతిలో మిగిలేది 90. పైకప్పు ఒక్కసారి కారిందంటే అదీ పోయి, వాయిదా జేబులోంచి కట్టాలి.

ఈ లెక్క నేర్చుకోడానికి కాలేజీ అక్కర్లేదు. కానీ అకౌంటింగ్, కాంట్రాక్టు చట్టం, ఎక్సెల్ కొంతైనా రాకుండా దిగొద్దని గట్టిగా చెప్తాను. టైటిల్ (ఆస్తి ఎవరిదో చెప్పే) పత్రాలు లాయరుకి చూపించండి; పునాది, ప్లంబింగ్, వైరింగ్ తెలిసిన ఇంజనీరుకి చూపించండి. అదీ అడ్వాన్స్ ఇవ్వకముందే.

ఇంకొకటి, చదువు కోసం చేసిన అప్పు వాయిదా కూడా లోన్ అర్హతను తగ్గిస్తుంది. పెట్టుబడే లక్ష్యమైతే ఫీజు కట్టేముందు ఆ లెక్కా వేసుకోండి.