గ్రీన్‌లా నిలబడ్డ చోట

అమరావతి ఎక్స్‌ప్రెస్ హోసపేట చేరేసరికి బాగా తెల్లారింది. నా సంచిలో కెమెరా కంటే భద్రంగా పెట్టుకున్నవి కొన్ని ప్రింట్లు. అన్నీ హంపీవే, ఒక్కటీ నేను తీసింది కాదు. కొన్ని 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసినవి. మిగతావి 1983లో జాన్ గాలింగ్స్ అవే చోట్లు వెతుక్కుని మళ్లీ తీసినవి. ఈ రెండు కాలాల చిత్రాలూ పక్కపక్కన అచ్చేసిన పుస్తకం ఒకటి లైబ్రరీలో కంటపడింది. అప్పటినుంచీ ఒకటే ఆలోచన. ఇంకొకరి ఫోటో నుంచి నేర్చుకోవాలంటే దాని ముందు కూర్చుని చూస్తే చాలదు, వీలైతే అది తీసిన చోటికి వెళ్లి నిలబడాలి. హంపీ మనకు ఒక రాత్రి ప్రయాణం. అందుకే బయల్దేరాను.

గ్రీన్‌లా మద్రాసు సైన్యంలో అధికారి. ఆయన వాడింది మైనం పట్టించిన కాగితపు నెగెటివ్. పల్చటి కాగితానికి మైనం పట్టించి, వెండి లవణాల ద్రావణంలో ముంచి ఆరబెట్టి, కెమెరాలో పెట్టేవారు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే ఈ పద్ధతిని 1851లో ప్రకటించాడు. అదే ఏడాది గాజు పలక మీద తడి కొలోడియన్ పద్ధతి కూడా వచ్చింది గానీ, ఆ పలక ఆరకముందే ఫోటో తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగాలి. మైనపు కాగితాన్ని మాత్రం కొద్దిరోజుల ముందే సిద్ధం చేసుకుని, ఎండలో ఊళ్లు తిరిగి, తీరిగ్గా కడుక్కోవచ్చు. మన ఎండలకూ మన దూరాలకూ సరిపడ్డ పద్ధతి. చిన్న నెగెటివ్ నుంచి పెద్ద ప్రింటు తీసే ఎన్‌లార్జర్లు అప్పట్లో వాడుకలో లేవు. నెగెటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెట్టడమే ప్రింటు తీయడం. పెద్ద ఫోటో కావాలంటే అంత పెద్ద నెగెటివూ, దాన్ని పట్టేంత పెద్ద కెమెరా పెట్టెనూ మోసుకు తిరగాలి. గ్రీన్‌లావి పెద్దవి. ఆ నెగెటివులు ఇప్పుడు ఢిల్లీలో ఆల్కాజీ ఫోటోల సేకరణలో ఉన్నాయి.

హోసపేట నుంచి హంపీ పదమూడు కిలోమీటర్లుంటుంది. ఆటో అన్న తెలుగులోనే మాట్లాడాడు, బళ్ళారి వైపు అదేం విడ్డూరం కాదు. నా చేతిలో ప్రింట్లు చూసి, "రథం ఫోటోనే గదా అక్కా? అందరూ ఆడనే నిలబడి తీస్తారు, నేను చూపిస్తాలే" అన్నాడు. "అందరూ నిలబడే చోటు కాదన్నా, ఈయన నిలబడిన చోటు కావాలి" అన్నాను. ప్రింటు తీసుకుని కాసేపు చూసి, "ఇది మన రథమేనా?" అన్నాడు. అలా అడగడానికి కారణముంది. గ్రీన్‌లా ఫోటోలో రాతి రథం మీద ఇటుకా సున్నంతో కట్టిన ఎత్తైన శిఖరం ఉంది. తర్వాతి కాలంలో దాన్ని తీసేశారు. 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు మీద మనం చూసేది ఆ శిఖరం లేని రథాన్నే.

విఠ్ఠలాలయానికి కొంత దూరంలోనే బండ్లు ఆపేస్తారు. అక్కణ్ణుంచి బ్యాటరీ బండి ఉంటుంది, నేను మాత్రం నడిచాను. లోపల రథం చుట్టూ కంచె ఉంది. పురావస్తు శాఖ అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టకూడదు. చేతిలో కెమెరా, ఇంకో చేతిలో ప్రింటు, అంతే.

చోటు వెతకడం ఎలాగో చెబుతాను, ఈ ప్రయాణంలో నేను ఎక్కువసేపు గడిపింది దాంతోనే. ఫోటోలో దగ్గరున్న వస్తువు అంచు ఒకటి, దూరంగా ఉన్న వస్తువు అంచు ఒకటి ఎంచుకోవాలి. రెండింటి మధ్య సందు ఎంతుందో చూడాలి. పక్కకు ఒక అడుగేస్తే ఆ సందు పెరుగుతుంది, లేదా మూసుకుపోతుంది. అది ప్రింటులో ఉన్నట్టు కుదిరేదాకా ఎడమకో కుడికో జరగాలి. తర్వాత దూరం. ముందుకు నడిస్తే దగ్గరి వస్తువు వెనకదాని కంటే వేగంగా పెద్దదవుతుంది. రెండింటి సైజులూ ప్రింటులోని పాళ్లలోకి వచ్చేదాకా ముందుకీ వెనక్కీ నడవాలి. జూమ్ తిప్పితే ఇది కుదరదు. జూమ్ ఫ్రేమును కత్తిరిస్తుందే గానీ వస్తువుల మధ్య పాళ్లను మార్చదు, ఆ పని కాళ్లదే. చివరికి ఎత్తు. నేను మోకాళ్ల మీద కూర్చుంటే వెనక కట్టడం రథం చూరు కింద దాగిపోతోంది. లేచి నిలబడితే ప్రింటులో ఉన్నట్టే బయటికొస్తోంది. చూరుకూ వెనక కట్టడానికీ మధ్య ఆ సన్నటి వెలుగు గీత కనబడగానే చేతుల మీద వెంట్రుకలు లేచాయి. నా పాదాలున్నది ఆయన కెమెరా కాళ్లు పెట్టిన చోటే, లేదా దానికి ఒకటి రెండు అడుగుల్లోనే.

అక్కడ నిలబడ్డాక తెలిసిందేమిటంటే, అది రథానికి మరీ దూరం. వచ్చినవాళ్లంతా నాకంటే ముందుకెళ్లి తీసుకుంటున్నారు, ఇప్పుడున్న రథానికి వాళ్ల దూరమే సరైనది. గ్రీన్‌లా అంత వెనక్కి జరిగింది శిఖరం ఫ్రేములో పట్టడానికి. శిఖరం పోయింది, ఆయన దూరం మాత్రం మిగిలింది. అక్కణ్ణుంచి చూస్తే రథం పైన బోలెడంత ఖాళీ ఆకాశం. గాలింగ్స్ ఆ ఖాళీని అలాగే ఉంచాడు. వాస్తు కట్టడాలను తీయడంలో పేరున్న ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ ఆయన. కూర్పు ఎలా ఉండాలో ఆయనకొకరు చెప్పనక్కర్లేదు. ముందుకొచ్చి అందమైన ఫ్రేము కట్టుకోవచ్చు. అలా చేయకుండా 127 ఏళ్ల కిందటి మనిషి నిర్ణయాన్ని గౌరవించి, ఆ లోటునే ఫోటోలో పెట్టాడు. పుస్తకంలో చూసినప్పుడు ఆ రెండో ఫోటో నాకు కొంచెం ఖాళీగా, బలం తక్కువగా అనిపించేది. ఇక్కడ నిలబడి చూశాక ఆ ఖాళీయే దాని విషయమని అర్థమైంది.

ఆ చోటు నుంచి కదిలాక రథాన్ని దగ్గరగా చూశాను. ముందున్న ఏనుగులు మొదట అక్కడివి కావు. వాటి వెనక, రాతి మీద, గుర్రాల వెనక కాళ్లూ తోకలూ ఇంకా కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ రథాన్ని లాగుతున్నట్టు చెక్కింది గుర్రాలనే. కంచె బయటి నుంచి లెన్స్ పెట్టి ఆ తోకల మీద కుచ్చు గీతల దాకా చూసుకున్నాను.

మండపం నీడలో ఊడుస్తున్నావిడ ఒకరు నన్ను చాలాసేపటి నుంచి గమనిస్తున్నట్టున్నారు. అటూ ఇటూ అడుగులేస్తూ కాగితం చూసుకునే మనిషి వింతగానే కనబడుతుంది మరి. దగ్గరికొచ్చి ప్రింటు అడిగి తీసుకున్నారు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, అంచులు పట్టుకుని చూశారు. శిఖరం సంగతి చెప్పబోతుంటే ఆవిడ అడిగింది అది కానే కాదు.

"మనుషులు ఒక్కరూ లేరేమ్మా ఇందులో?"

ఆ ప్రశ్న నా ప్రయాణాన్ని మార్చేసింది. పాత హంపీ ఫోటోలు చూసిన ప్రతిసారీ నాకు పట్టేది ఆ నిర్జనమే. 1565 తర్వాత పాడుబడ్డ మహానగరం, రాళ్లు, నిశ్శబ్దం. కానీ ఆ నిర్జనంలో ఎంత భాగం ఊరిది, ఎంత భాగం కాగితానిది? మైనపు కాగితానికి ఎక్స్‌పోజర్, అంటే వెలుగు పడనిచ్చే సమయం, నిమిషాల తరబడి ఇవ్వాలి. అంతసేపు కదలకుండా ఉన్నవే అందులో నిలుస్తాయి. నడిచిపోయే మనిషి, మేసుకుంటూ పోయే మేక, ఎగిరే పక్షి దాని మీద జాడ కూడా వదలవు. ఆకాశం తెల్లగా ఉండటమూ అంతే. ఆ రసాయనం నీలి వెలుగుకే ఎక్కువ స్పందిస్తుంది, దాంతో మబ్బులున్నా ఆకాశం వట్టి కాగితంలా వచ్చేది. ఆ ఫోటోలను చూసి హంపీ అంటే శూన్యం అనుకుని, మనుషులు ఫ్రేములోంచి పోయేదాకా కాచుకుని తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గ్రీన్‌లాకు అది తప్పనిసరి. మనకు ఆ అవసరం లేదు.

"మీరు ఊడుస్తుంటే తీయనా అమ్మా?" అని అడిగాను. "రథాన్ని తియ్యక నన్నెందుకు" అంటూనే చీపురందుకున్నారు. కెమెరాను సంచి మీద, సంచిని అరుగు మీద పెట్టి, నీడలో లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్/16 దగ్గర సెకనులో పదో వంతు ఎక్స్‌పోజర్ ఇచ్చాను. మొదటి ఫ్రేముల్లో ఆవిడ మొత్తం చెదిరిపోయారు. తర్వాత అర్థమైంది, ఆవిడ ఒక చోట నిలబడి నాలుగు పెట్లు ఊడ్చి, అప్పుడు అడుగేస్తున్నారు. ఆ అడుగు పడకముందే షట్టర్ నొక్కాలి. అలా వచ్చిన ఫోటోలో స్తంభం మీద చెక్కిన యాళి అనే సింహం లాంటి మృగం పంటి గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి, ఆవిడ ముఖమూ భుజమూ దాదాపు నిలకడగా ఉన్నాయి, చీపురూ మణికట్టూ మాత్రం పొగలా ఉన్నాయి. గ్రీన్‌లా కాగితం వదిలేసినది ఆ పొగలో ఉంది. హంపీలో ఇది నేను తీసిన ఫోటో అని నాకు నమ్మకం కలిగింది దీంతోనే.

సాయంత్రం హేమకూటం మీద గాలింగ్స్ ఇంకో రకం చిత్రాల కోసం కూర్చున్నాను. పగలు ఆనవాళ్లు వెతికిన మనిషే, చీకటి పడే వేళ ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ పెట్టి, కట్టడాల మీద ఫ్లాష్ వెలుగు పరిచి కూడా హంపీని తీశాడు. ఒకే ఊరికి ఒకే మనిషి ఇచ్చిన రెండు జవాబులు. విరూపాక్ష గోపురం మీద చివరి ఎండ పోయి ఆకాశం ముదురు నీలమయ్యే ఆ కొద్ది నిమిషాల్లో రాయి ఎంత మారిపోతుందో చూసి, ఆయన ఎందుకు ఫ్లాష్ అందుకున్నాడో ఊహించుకున్నాను. అప్పటికే చీకటిపడింది, నా దగ్గర ఆ సరంజామా లేదు. చూసి దిగేశాను.

మర్నాడు తెల్లవారుజామున మతంగ పర్వతం. కింద అచ్యుతరాయాలయం, దాని ముందు పొడవాటి పాత బజారు వీధి, పక్కన తుంగభద్ర. కొండ మీద నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు, అందరి కెమెరాలూ ఒకే వైపు. నాకది చిన్నతనంగా కనిపించలేదు. సంగీతం నేర్చుకునేవాళ్లు గురువు పాడిన కీర్తననే ఏళ్ల తరబడి పాడతారు, ఎవరూ దాన్ని దొంగతనం అనరు. నేనూ ఆ ఫ్రేము తీసుకున్నాను. అందరూ దిగిపోతుంటే ఉండిపోయాను. ఎండ వీధిలోకి దిగాక మేకల మంద ఒకటి బజారుకు అడ్డంగా దాటింది, వెనక కాపరి. అంత ఎత్తు నుంచి చూస్తే ఆ వీధి ఎంత వెడల్పో ఆ మేకలను బట్టే తెలిసింది.

తిరుగు దారిలో ఆటో అన్నకు ఊడ్చేవారి ఫోటో చూపించాను. కెమెరా తెరను దగ్గరకు లాక్కుని, "ఇట్లా కదిలేది కావాలంటే చైత్రంలో రండక్కా. విరూపాక్షుడి తేరు లాగుతారు, రథవీధిలో ఇసుకేస్తే రాలరు జనం" అన్నాడు. ఏ అరుగు మీద నిలబడనిస్తారు, తేరు ఎప్పుడు కదులుతుంది, ఎండ ఏ వైపు నుంచి పడుతుంది అని అడిగి రాసుకున్నాను. తేరు మెల్లగా కదులుతుంది, మోకులు లాగే చేతులు ఆగవు. తేరు నిలిచి చేతులు చెదరాలంటే ఏ షట్టర్ స్పీడ్ కావాలో ఇప్పట్నుంచే మా వీధిలో వెళ్లే బండ్ల మీద ప్రయత్నిస్తున్నాను.