పరుగులో ఆయాసం: ముందు వేగం, తర్వాత ఊపిరి

పరుగు మొదలుపెట్టిన రెండు మూడు నిమిషాలకే రొప్పు వస్తోందా? చాలామంది విషయంలో తప్పు ఊపిరితిత్తులది కాదు, వేగానిది. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వరకు తగ్గించండి.

తర్వాత పొట్టతో ఊపిరి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకోటి బొడ్డు మీద పెట్టండి. పీల్చినప్పుడు బొడ్డు మీది చెయ్యే లేవాలి. రోజూ 5 నిమిషాలు చాలు. పడుకుని రానిది పరుగులో రాదు.

అది అలవాటయ్యాకే అడుగుల లెక్క: 3 అడుగులకు పీల్చి, 2 అడుగులకు వదలాలి. మొత్తం 5, బేసి సంఖ్య. అందుకే ఊపిరి వదలడం ఒకసారి ఎడమ కాలితో, మరోసారి కుడి కాలితో మొదలవుతుంది. వేగం పెంచితే 2కి పీల్చి 1కి వదలండి. ముక్కుతోనే పీల్చాలన్న పట్టుదల మాత్రం వద్దు. గట్టిగా పరుగెత్తేటప్పుడు ఆ దారి ఒక్కటే చాలదు, నోరూ తెరవండి.

డొక్కలో పోటు వస్తే నడకకు దిగి, నొప్పి ఉన్నచోట వేళ్లతో నొక్కి, కాస్త ముందుకు వంగి, పెదాలు ఈల వేస్తున్నట్టు గుండ్రంగా పెట్టి నెమ్మదిగా గాలి వదలండి. పరుగుకు ముందు 2 గంటల్లో కడుపునిండా తిన్నా, తియ్యటి పళ్లరసం తాగినా ఈ పోటు త్వరగా వస్తుంది.

పరుగు ఆపాక పిల్లికూతలు, దగ్గు వస్తుంటే మాత్రం అడుగుల లెక్కతో తగ్గదు. డాక్టరుకు చూపించుకోండి.