చూరు కింద వదిలిన సందు

వీడియో కాల్‌లో మా కొట్టం చూసి నాన్న గట్టిగానే కోప్పడ్డారు. "మూడు పక్కలా పట్టా కట్టారు కదా, చూరు కింద ఆ సందు మూయడానికి చేతులు రాలేదా? నోరులేని జీవాలు కదరా!" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

నేను పనిచేసేది కెనడాలోని మానిటోబాలో, ఒక ఆవుల ఫారంలో. జనవరిలో మైనస్ 30 డిగ్రీలు ఇక్కడ వింతేమీ కాదు. వేసవిలో మా కొట్టమంటే స్తంభాల మీద రేకుల కప్పు, అంతే. మంచు పడకముందే ఉత్తరం, తూర్పు, పడమర వైపుల టార్పాలిన్ కట్టి, పైన చెక్క పట్టీలు వేసి స్క్రూలు బిగిస్తాం. పట్టీలు లేకపోతే గాలికి పట్టా కన్నాల దగ్గరే చిరిగిపోతుంది. దక్షిణం వైపు మాత్రం ఎండ కోసం తెరిచే ఉంచుతాం.

ఇక ఆ సందు. ఆవుల ఊపిరిలో, మూత్రంలో ఎంత తేమ ఉంటుందో! పోయే దారి లేకపోతే అది రేకుల కింద గడ్డకట్టి, ఎండ తగలగానే వాటి వీపుల మీద రాలుతుంది. దట్టంగా బొచ్చు పెరిగి, కడుపునిండా మేసిన ఆవు ఒళ్లు పొడిగా ఉంటే మైనస్ 8 దాకా తేలిగ్గా తట్టుకుంటుంది. తడిసిందా, సున్నాకు పైన 15 డిగ్రీలకే దానికి చలి మొదలవుతుంది. పైగా మూసిన కొట్టంలో అమ్మోనియా నిలిచిపోతే పడుకున్న దూడల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అన్ని వైపులా మూసేస్తే మన మనసుకే వెచ్చన, వాటికి కాదు.

తెల్లవారకముందే పేడ ఎత్తి, కసువు ఊడ్చే ఇల్లు మాది. ఇక్కడ చలికాలమంతా పేడ తీయరని తెలిస్తే నాన్న ఇంకెంత బాధపడతారో. కానీ అడుగున అది ముగ్గుతూ వేడినిస్తుంది, పైన పొడి గోధుమగడ్డి పరుస్తూ పోతాం. పొట్టి వెంట్రుకల ఒంగోలు ఎద్దులను సాకిన మనిషి ఆయన, ఆ దయను నేను కాదనను. అలాగని మా యజమానికి జాలి లేదంటే మాత్రం ఒప్పుకోలేను. రోజూ ఆయన గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, దూడ ముక్కు ఎత్తున వాసన చూస్తారు. మోకాలికి తడి తగిలితే మరో గడ్డిమోపు విప్పాల్సిందే. చలి ముదిరిన రోజుల్లో మేత కూడా పెంచుతాం.

ఈ పట్టాలన్నీ ఏప్రిల్ దాకానే. మేకులు కాకుండా స్క్రూలు వేయడం అందుకే. ఆ తర్వాత పేరుకున్న పెంటంతా పొలానికి తోలుతాం.